పిల్లికి సారె

మా అక్కయ్య పదకొండో రోజు భోజనాలు అయ్యాక ఆమె పెద్దకొడుకు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "మామయ్యగారూ, ఒకమాట అడుగుతాను, తెలిస్తే చెప్పండి. అమ్మ చీమను కూడా నలపని మనిషి. కాని పిల్లి గుమ్మంలోకి వచ్చిందంటే చీపురు తీసుకుని కాలువగట్టు దాకా తరిమేసేది. చిన్నప్పుడు మేము ఏడ్చి మొత్తుకున్నా ఒక్క పిల్లిని పెంచుకోనివ్వలేదు. ఎందుకండీ?" అని అడిగాడు. అరవై దాటినా నేను గోడకు ఆనుకుని కూర్చోను. అలాగే నిటారుగా కూర్చుని, "శకునం పట్టింపు నాయనా. మన ఇళ్ళలో ఉన్నదే" అన్నాను. అతను తల ఊపి, విస్తళ్ళు తీయించడానికి లేచి వెళ్ళాడు. తిరుగు పడవలో బియ్యపు బస్తాల మధ్య కూర్చుని వస్తుంటే లెక్క తేలింది. చిన్నప్పటి ఒక పిల్లి విషయంలో నేను ఆడిన మూడో అబద్ధం అది. మొదటి రెండూ ఎవరితో ఆడానో ఆ మనిషి ఇప్పుడు లేదు కనక రాయడానికి అడ్డులేదు.

మా ఇంటిని ఊళ్ళో కోట అనేవారు. మొగల్తూరుకు రెండు కోసుల దూరంలో, ఉప్పుగాలికి పెచ్చులూడిన మట్టి ప్రహరీ, ఏనుగు పట్టేటంత వాకిలి. ఏనుగును నేను చూడలేదు, దాన్ని కట్టిన గొలుసు చూశాను. ఆ గొలుసుకు ఏటేటా నూనె రాయించడం మా నాన్నగారు మానలేదు. మాకున్న ఊళ్ళు దావాల్లో ఒక్కొక్కటిగా చేజారుతున్న రోజులవి. అయితే పోయాయన్న మాట మా నోట వచ్చేది కాదు. "ఆ ఊరు వదిలేశాం" అనేవాళ్ళం, చేతిలో పండు తొక్క వదిలేసినట్టు.

ఇంటిని నడిపేది మామ్మగారు, అంటే మా నాన్నగారి తల్లి. తెల్లవారకముందే స్నానం ముగించి నడవలో వట్టివేళ్ళ తెర వెనక పీట వేసుకుని కూర్చునేది. ఇంట్లో మొదట లేచే వాసన ఆ తెర మీద చల్లిన నీళ్ళ వాసన. ఆ తరవాత నెయ్యి కాగే వాసన, ఆ తరవాత పెరట్లో ఉలవలు ఉడికే వాసన. గుర్రాలు పోయినా ఉలవలు ఉడకడం ఆగలేదు, ఎద్దులకు పెట్టేవారు. మా ఇంటి ఆడవాళ్ళది ఘోషా. వచ్చిపోయేవాళ్ళలో ఎక్కువమందికి మామ్మగారి గొంతు తెలుసు, ముఖం తెలియదు. తెర కింద నుంచి రెండు ఉంగరాల చెయ్యి మాత్రం కనబడేది. ఆ చేతిలో ఎప్పుడూ అడకత్తెర ఉండేది. వక్కలు కత్తిరించే చప్పుడు సాగుతున్నంతసేపు అందరికీ క్షేమం. ఆ చప్పుడు ఆగిందంటే ఎవరికో మూడినట్టే.

ఆమెకు ఒక సూత్రం ఉండేది. దానం వేరు, ఇవ్వడం వేరు. దానం ఎంత కిందికైనా పోవచ్చు, గుమ్మంలో బిచ్చగాడికి బియ్యం పోసినట్టు. కాని మన ఇంట్లో మసలిన వస్తువు, మన చేతి తిండి తిన్న ప్రాణి ఇంకొక గుమ్మం ఎక్కాలంటే అది మనతో సమానమైన గుమ్మం కావాలి, వీలైతే ఒక మెట్టు పైది. ముసలి ఎద్దును సైతం ఆమె రైతుకు ఇవ్వనిచ్చేది కాదు. అది మా గాటనే చచ్చేది. మేమందరం ఆ సూత్రం నమ్మినవాళ్ళమే. నేనైతే అక్షరాలకన్న ముందు నేర్చుకున్నాను.

పిల్లి వరదలో వచ్చింది. వశిష్ఠ గోదావరి గట్టు తెంచుకున్న ఏడు, ఎవరిదో గుడిసె కప్పు నీళ్ళలో కొట్టుకుపోతుంటే దాని కొప్పున ఈ పిల్లి గోళ్ళు దిగేసుకుని కూర్చుందట. మాకు చేపలు తెచ్చే సత్తెమ్మ మొగుడు పడవ అడ్డం పెట్టి పట్టుకున్నాడు. తాటిదూలం కింద పడి దాని వెనక కాలు నలిగింది. సత్తెమ్మ దాన్ని చేపలబుట్ట మూతలో పడుకోబెట్టి మా పెరటి గుమ్మానికి తెచ్చి, "పాలు పడితే బతుకుద్దండి అమ్మాయిగోరండి. మా కాడ పాలెక్కడియండి?" అని మా అక్కయ్య చేతిలో పెట్టింది.

అక్కయ్యకు అప్పుడు పదమూడేళ్ళు, నాకు పది. ఆమెకు పెళ్ళయి రెండేళ్ళయింది, కాపురానికి వైశాఖంలో పంపాలి. ఈడేరినప్పటి నుంచి ఆమె పెరటి గుమ్మం దాటలేదు. ప్రపంచం ఆమెకు సత్తెమ్మ బుట్టలో చేపలతో పాటు వచ్చేది. ఎవరికి కొడుకు పుట్టాడు, ఏ పడవ తిరగబడింది, ఏ లాకు దగ్గర ఎవరు కొట్టుకున్నారు, అన్నీ. ఆ పిల్లి ఆమెదే అయింది. పాలలో వత్తి ముంచి పట్టేది. కాలికి పసుపూ సున్నమూ వేసి తన పాత పరికిణీ చింపి కట్టింది. పేరు వరదమ్మ. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు, కుంటినడక. రాత్రి అక్కయ్య జడ మీద తల పెట్టుకుని పడుకునేది. అది కదులుతుందేమోనని ఆమె తెల్లవార్లూ ఒకే పక్కకు తిరిగి పడుకునేది.

మాఘమాసంలో నాన్నగారు దావా పని మీద రాజమండ్రి బయలుదేరుతుంటే వరదమ్మ వాకిట్లో కుంటుతూ అడ్డం వచ్చింది. ఆయన వెనక్కి వచ్చి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరారు. అయినా దావా పోయింది. ఆ కబురు వచ్చిన రోజు అడకత్తెర చప్పుడు ఆగింది. "పిల్లి ఈ ఇంట్లో ఉండకూడదు" అంది మామ్మగారు. చంపడానికి వీల్లేదు. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి బ్రాహ్మణుడికి దానమివ్వాలి. అంత బంగారం ఇంట్లో మిగిలి ఉందో లేదో పెట్టె తెరిచి చూడటానికి ఎవరికీ ధైర్యం లేదు. అందుకని ఎవరికైనా ఇవ్వాలి. ఎవరికి?

మొదట బజారు నుంచి శెట్టిగారు వచ్చాడు. కొట్లో ఎలుకలు పడి అపరాలన్నీ నాశనం చేస్తున్నాయనీ, పిల్లిని ఇప్పిస్తే రోజూ పెరుగన్నం పెడతాననీ అన్నాడు. తెర వెనక నుంచి, "శెట్టిగారూ, మా పిల్లికి మీ కొట్లో ఉద్యోగమా? జీతమెంతేమిటి?" అని వినబడింది. ఆయన నవ్వలేక నవ్వి, ఉత్తరీయం సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సత్తెమ్మ వచ్చింది. చేపలు దింపి నడవ బయట నిలబడి చేతులు జోడించింది.

"పెద్దమ్మగోరండి, ఆ పిల్లేదో నాకే ఇచ్చేయండి. వలలన్నీ ఎలకలు కొరికేత్తన్నాయండి. మావోడు పగలు ఏటాడి రాత్రంతా వల కుట్టుకుంటన్నాడండి. ఇంకో వల కొనే తాహతు లేదండి. ఇది మా కాడుంటే వలల మీదే పడుకోబెట్టుకుంటామండి. పూటకో చేప పెడతానండి."

"మా ఇంట్లో ఆవుపాలు తాగిన ప్రాణి నీ గుడిసెలో చేపతలలు నాకాలా?" అంది మామ్మగారు.

"ఆయ్, నాకుద్దండి. పిల్లికి కులమేంటండి అమ్మగోరండి? దానికి చేపే కులం."

వంటింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అడకత్తెర ఆగింది. అప్పుడు ఏదో ఒకటి చెయ్యవలసిన మగవాణ్ణి నేనే అనుకున్నాను. మెట్లు దిగి వెళ్ళి ఆమె బుట్టను కాలితో తన్నాను. మిగతా ఇళ్ళకు అమ్మవలసిన చేపలన్నీ పెరటి బురదలో పడ్డాయి. సత్తెమ్మ నన్ను చూసింది. అక్కయ్య గుమ్మం దాటి పరుగెత్తుకొచ్చి, పట్టు పరికిణీతో బురదలో కూర్చుని, ఆ చేపలు రెండు చేతులా ఏరి, నీళ్ళతో కడిగి బుట్టలో వేసింది. పెరటి గోడ అవతల తాటిచెట్టు మీద కల్లుగీసేవాడు ఉన్నాడు. వాడు చూశాడు. ఘోషా చెడింది. ఆ రోజంతా అక్కయ్యను గాదెగదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారు. అన్నం పెట్టలేదు. తలుపు కింది సందులోంచి పిల్లి పాదాలు లోపలికి చాపుతుంటే నేను చూశాను.

సాయంత్రం గొళ్ళెం తీయించి మామ్మగారు తీర్పు చెప్పింది. "పిల్లి నీ అత్తవారింటికి పోతుంది. వాళ్ళు మనకన్న ఒక మెట్టు పైవాళ్ళు. రెండు నెలల్లో నువ్వూ అక్కడికే పోతావు. చాలునా?" అక్కయ్య ఏడుపు ఆగిపోయింది. ఆమెకు భర్త ముఖం సరిగా గుర్తులేదు, ఆ ఊరు పేరంటేనే భయం. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమెకోసం ఎదురుచూసే ప్రాణి ఒకటి ఉండబోతోంది. ఆ రాత్రి ఆమె పిల్లికి అత్తవారింట్లో ఎలా మసలాలో బుద్ధులు చెబుతూ నవ్వింది.

సమానుల ఇంటికి పంపేటప్పుడు వట్టిచేతులతో పంపకూడదు. పిల్లికి సారె కట్టారు. కొత్త పేముబుట్ట, లోపల పట్టుగుడ్డ, పక్కన అరిసెల గంప, తాటాకు మీద మామ్మగారు చెప్పి రాయించిన కమ్మ. పూర్వం వియ్యంకులకు లేడిపిల్లల్ని ఇలా పంపేవారట. పిల్లిని పంపడం ఎవరూ విని ఉండరు. అది మాకు తప్పుగా తోచలేదు. ఇచ్చేది మేము కనక ఇచ్చినది గొప్పదే అవుతుందనుకున్నాం. ఇంటి మనిషిగా నేనూ, బుట్ట మోయడానికి వీరాస్వామీ వెళ్ళాం. వీరాస్వామి మా తాతగారి నాటి నౌకరు, అక్కయ్యను ఎత్తుకు పెంచినవాడు. కొత్తగా తవ్విన కాలువ మీద పడవలో, గట్టున మనుషులు తాడు పట్టి లాగుతుంటే, రెండు లాకులు దాటి మధ్యాహ్నానికి చేరాం.

మా బావగారికి ఇరవయ్యేళ్ళు. తండ్రి లేడు, ఆ ఇంటికి ఆయనే దొర. పెరట్లో పందెం పుంజులకు బాదంపప్పులు పెట్టిస్తూ స్నేహితులతో కూర్చున్నాడు. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. కమ్మ విప్పి పైకి చదివాడు. స్నేహితులు విరగబడి నవ్వారు.

"పెళ్ళాం కంటె ముందు పిల్లిని పంపారేంటి బావా? మాకు ఎలకలు ఎక్కువని ఎవరైనా చెప్పారా?"

ఇంతలో వీరాస్వామి బుట్ట మూత తీశాడు. వరదమ్మ కుంటుకుంటూ బయటకు వచ్చి పుంజుల గంపల వైపు చూసింది. గంపల కింద పుంజులు రెక్కలు కొట్టుకున్నాయి. బావగారి నవ్వు పోయింది.

"పుంజులున్న ఇంటికి పిల్లిని పంపేవాడు వెర్రివాడైనా కావాలి, పగవాడైనా కావాలి. మీరెవరు బావా?"

"పగవాళ్ళం కాదండి" అన్నాను.

"వెర్రివాళ్ళా?"

"కాదండి."

"అయితే ఈ తాడు పట్టుకో."

పిల్లి నలిగిన కాలికి తాడు కట్టించి, రెండో కొస నా చేతికిచ్చాడు. మేలైన డేగపుంజును తెప్పించి కాలికి కత్తి కట్టిస్తున్నాడు. వీరాస్వామి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "వద్దండి బాబుగారండి. పిల్లిని చంపితే పాపమండి. వెనక్కి తీసుకుపోతామండి."

"చంపేది నేనా? కోడి. పాపం కోడిది. బంగారుపిల్లి అదే చేయిస్తుందిలే."

మళ్ళీ నవ్వులు. వరదమ్మకు ఆ పెరట్లో తెలిసిన వాసన నాదొక్కటే. అది నా కాళ్ళ దగ్గరకు వచ్చి, మడమల చుట్టూ తిరిగి, తలతో రాసింది. నేను తాడు పొడుగునా వెనక్కి జరిగాను. తాడు వదిలితే అది గోడ ఎక్కేసి ఉండేది. కుంటిదైనా ఎక్కగలదు, మా ఇంట్లో రోజూ ఎక్కేది. వదలలేదు. పుంజు రెండుసార్లు ఎగిరింది. అంతే. బావగారు నా వీపు తట్టి, "రాజుబిడ్డవి బావా, కన్నార్పలేదు" అన్నాడు. అప్పుడు నాకు కలిగింది జాలీ కాదు, భయమూ కాదు, గర్వం. అది దాచను.

తిరుగు పడవలో వీరాస్వామి పట్టుగుడ్డను కాలువలో చాలాసేపు ఉతికాడు. పిండి, ఆరేసి, నా వైపు తిరిగాడు. "చిన్నబాబుగారండి, ఉన్నదున్నట్టు చెప్పండి. తమరు చెబితే నాన్నగారు ఆలోచిస్తారండి. నేను చెబితే నౌకరు మాటండి. అమ్మాయిగారిని పంపడానికి ఇంకా రెండు నెలలుందండి." నేను "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన ఇల్లది. మా సారెను చూసి నవ్వారని నా నోటితో నేను చెప్పడమా?

అక్కయ్య పెరటి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎలా ఉంది? ఏడ్చిందా? ఎక్కడ పడుకుంది?" అని అడిగింది. "బ్రహ్మాండంగా ఉంది. బావగారు వెండిగిన్నెలో పాలు పోయించారు. ఆయన మంచం మీదే పడుకుంది" అన్నాను. మొదటి అబద్ధం అది. ఆ తరవాత మామ్మగారు నన్ను తెర వెనక్కి పిలిచి, నా ముఖం చూసి, "ఇప్పుడు నిజం చెప్పు" అంది. చెప్పాను. అడకత్తెర ఒళ్ళో పెట్టుకుంది. "పిల్లికి చేసింది పిల్లికే. మనిషికి చెయ్యరు" అంది. అడకత్తెర చేతిలోకి తీసుకుని, "మీ అక్కతో అన్నమాట మార్చకు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే ఇల్లు కాదు మనది" అంది. వక్కల చప్పుడు మళ్ళీ మొదలయింది.

వైశాఖంలో అక్కయ్య నవ్వుతూ మేనా ఎక్కింది. అత్తవారింటికి ఇంత సంతోషంగా వెళ్ళిన పిల్లను చూడలేదని ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పుకున్నారు. మేనా తెర వేసేముందు ఒళ్ళో చిన్న గుడ్డమూట ఒకటి దాచుకోవడం నేను చూశాను. వాసన బట్టి తెలిసింది, ఎండు మెత్తళ్ళ చేపలు. సత్తెమ్మ చేత దొడ్డిదారిన తెప్పించుకుంది, వరదమ్మకోసం.

దసరాకు నేను చూడటానికి వెళ్ళాను. అక్కయ్య చిక్కిపోయింది. ఎడమచేతి గాజులు లేవు. ఎందుకని నేను అడగలేదు. అన్నం వడ్డించి విసనకర్రతో విసురుతూ మెల్లగా అంది.

"తమ్ముడూ, నేను వచ్చిన రోజే అడిగాను. ఆయనే చెప్పారు, భోజనం చేస్తూ, నవ్వుతూ. పుంజును కూడా చూపించారు. ఒక్కటే చెప్పలేదు. తాడు ఎవరు పట్టుకున్నారు? అడిగితే 'మీవాళ్ళే' అన్నారు."

నా నోట్లో ముద్ద ఉంది. మింగి, "వీరాస్వామి" అన్నాను.

విసనకర్ర ఆగలేదు. "నన్ను ఎత్తుకు పెంచిన చేతులు కదూ" అంది. "నువ్వు చిన్నవాడివి, అబద్ధం చెప్పావంటే నాకోసమే చెప్పావు. వాడు పెద్దవాడు." ఇంకొంచెం నెయ్యి వేసింది.

ఇప్పుడు నేను నరసాపురంలో ఒక పెంకుటింటి సగభాగంలో అద్దెకుంటున్నాను. గొలుసు ఎప్పుడో కమ్మరి కొలిమికి పోయింది. మిగతా సగంలో ఉండే గుమాస్తాగారి పిల్లలు మొన్న వీధిలో దొరికిన పిల్లికూనను ఎవరికివ్వాలని వచ్చి నన్నే అడిగారు. నేను చెప్పేలోగా వాళ్ళే వెళ్ళి రేవులో వలలు అల్లే ముసలావిడకు ఇచ్చేశారు. ఆమె అడిగిందట, వీళ్ళు ఇచ్చారట. గుమ్మం ఎత్తు ఎవరూ కొలవలేదు. ఈ కాలంలో మర్యాద లేదని నేను రోజుకు పదిసార్లు అంటాను, ఇప్పటికీ అంటాను. మర్యాద లేకపోవడం వల్ల ఆ పిల్లికూన బతికింది. ఆ ముక్క కూడా రాయకపోతే ఇదంతా రాయడం దండగ. మా అక్కయ్య తన గుమ్మంలోకి వచ్చిన పిల్లులనన్నిటినీ ఎందుకు తరిమేదో ఆమె కొడుక్కు తెలియదు. పెరట్లో పుంజులున్నంతకాలం ఆ ఇంట్లో ఏ పిల్లీ నిలవకూడదని ఆమె ఒక్కతే కాపలా కాసింది. కొట్టి తరమడం ఒక్కటే ఆమె చెయ్యగలిగిన దయ.

ఆ దసరా తరవాతి ఎండాకాలం అక్కయ్యను పురిటికి తీసుకురావడానికి వీరాస్వామిని పంపారు. నేను వద్దని అనలేదు. అంటే కారణం చెప్పవలసి వచ్చేది కదా. పొద్దున్న వెళ్ళినవాడు పొద్దుగూకాక ఒక్కడే వచ్చాడు, కాళ్ళ నిండా గట్టు దుమ్ము, పెదవులు పగిలి ఉన్నాయి. పురుడు అక్కడే పోసుకుంటానని అక్కయ్య కబురు చెప్పి పంపింది. మామ్మగారు తెర వెనక నుంచి, "అమ్మాయి నీతో మాట్లాడిందా? భోజనం పెట్టించిందా?" అని అడిగింది.

"ఆయ్, మాట్లాడారండి. చల్లగా ఉన్నారండి. కడుపునిండా పెట్టించారండి" అన్నాడు వీరాస్వామి, నావైపు చూడకుండా.

ఆ తరవాత పెరట్లోకి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళి వంటింటి మూల నిలబడ్డాను. నూతిలోంచి చేద తోడుకుని, గట్టు మీద పెట్టి, వంగి దోసిళ్ళతో తాగాడు. ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ తాగాడు. ఆ చేద అయ్యాక ఇంకో చేద తోడుకున్నాడు.